చేతులు వెనక్కి కట్టుకోని ప్రోగ్రాం

ఇదొక వీరగాథ. ఇందులో ఎవరూ అడుగుపెట్టని చీకటి కోట ఉంది. లోపల నలభై మూడు మంది బందీలున్నారు. గంట గంటకూ సన్నగిల్లుతున్న ప్రాణశక్తి ఉంది. ఒకే ఒక్క ఆయుధంతో లోపలికి వెళ్లిన ఒంటరి యోధురాలు ఉంది.

అంత లేదు. కోట అంటే మా పెద్దబాపు మగ్గం గదిలోని పాత కంప్యూటరు. బందీలు చీరల డిజైన్లు. ప్రాణశక్తి రూపాయి బిళ్లంత బ్యాటరీ. ఆయుధం, పెళ్లి వీడియోల స్టూడియోలో అడిగి తెచ్చుకున్న ఖాళీ సీడీ. యోధురాలిని నేను. ఆ ఆదివారం పొద్దున తలకు నూనె పెట్టుకుని, కుర్చీ దొరక్క బియ్యం డబ్బా మీద కూర్చున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. సిద్దిపేటలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదులోని ఒక కంపెనీకి పనిచేస్తాను. నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే చెబుతాను, సగంలో వాళ్లకు ఏదో పని గుర్తొస్తుంది. మీకు కూడా గుర్తొచ్చే లోపల చెప్పేస్తాను.

కంప్యూటరు స్విచ్ వేయగానే దానికి తన ఒంట్లో ఏమేమి ఉన్నాయో తెలియదు. మెమరీ ఎంత, ఏ కార్డు ఎక్కడ, ఏదీ తెలియదు. అప్పుడొక చిన్న ప్రోగ్రాం లేచి, ఇంటింటి సర్వేకు వచ్చినవాళ్లలాగా నంబరు నంబరుకూ వెళ్లి తలుపు కొట్టి, ఎవరున్నారని అడగాలి. అలాంటి ప్రోగ్రాములు రాయడం నా పని. వినడానికి సులువే. చిక్కల్లా ఎక్కడంటే, పాత కంప్యూటర్లలో ఎవరూ లేని తలుపు కొట్టినా లోపలి నుంచి ఏదో ఒకటి వినిపిస్తుంది. ఒక్కోసారి మనం ఆఖరున అన్న మాటే గోడకు తగిలినట్టు తిరిగొస్తుంది. అందుకని ఒక పరీక్ష ఉంది. ఆ నంబరు దగ్గర ఉన్న విలువను పక్కన రాసిపెట్టుకుని, అక్కడ మనదొక గుర్తు పెడతాం. తర్వాత ఇంకో నంబరు దగ్గరికెళ్లి వేరే గుర్తు పెడతాం. మళ్లీ మొదటి చోటికి వచ్చి చూస్తాం. మొదటి గుర్తు అలాగే ఉంటే అది నిజం మెమరీ. లేకపోతే గోడ. చివరికి ఎవరి విలువలు వాళ్లకు తిరిగి పెట్టేసి మర్యాదగా బయటికొస్తాం. ఈ పరీక్షను నేను ఎన్నో బోర్డుల మీద నడిపాను. ఎవరూ చనిపోలేదు. ఆ ధీమాతోనే పెద్దబాపు కంప్యూటరు ముందు కూర్చున్నాను.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. వయసులో ఉన్నప్పుడు భివండీ పోయి మరమగ్గాల మీద చాలా ఏళ్లు పనిచేశాడు. నేను ఆరో తరగతిలో ఉండగా తిరిగొచ్చాడు. భివండీ నుంచి వచ్చినవాళ్లు ట్రంకు పెట్టెలు దింపుతారు. ఆయన లారీలోంచి బొంతలో చుట్టిన ఒక కంప్యూటరునూ, ఒక జకార్డునూ దింపాడు. జకార్డు అంటే మగ్గం నెత్తిన కూర్చుని, ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో నిర్ణయించే యంత్రం. మామూలుగా అది చిల్లులు పొడిచిన అట్టలను చూసి నడుచుకుంటుంది. దీనికి అట్టలు లేవు, కంప్యూటరులోని ఒక కార్డు చెబితే వింటుంది. ఏదో మిల్లు మూసేస్తుంటే తుక్కులోకి పోయేది, ఈయన అడిగి తెచ్చుకున్నాడట.

"అందరి మొగోళ్లు పైసలు తెస్తరు, మా ఆయన ఇనుము తెచ్చిండు," అని పెద్దమ్మ ఆ రోజు అన్నది. ఇప్పటికీ వారానికి ఒకసారి అంటుంది, మరిచిపోకుండా.

ఆ ఇనుమును ఆయన తన చేతిమగ్గానికి ఎక్కించాడు. ఎలా ఎక్కించాడో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. రెండు సైకిలు చైన్లు, ఒక కుట్టుమిషను చక్రం కనిపిస్తాయి, మిగతాది నమ్మకం. పగలంతా నేసి, మిగిలిన పూట ఆ కంప్యూటరు ముందు కూర్చుని, బాణం గుర్తుల మీటలు నొక్కుతూ చుక్క చుక్కా పెట్టి డిజైన్లు గీసేవాడు. నెత్తిన కుండతో మా ఊరి గొల్లభామ మొదటిది. తర్వాత నెమళ్లు, చిలకలు, కొమ్మలు. కిందటేడు గీసిన మక్క కంకుల అంచు ఆఖరిది. మొత్తం నలభై మూడు.

అవన్నీ ఉన్నది ఆ కార్డులో. కంప్యూటరు ఆపినా కార్డు మరిచిపోకుండా దాని మీదొక చిన్న బ్యాటరీ ఉంటుంది. డిస్కులో ఇంకో నకలు ఉండేది. ఆ డిస్కు ఒక బుధవారం కిర్రుమని, నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో తన రాజీనామా ప్రకటించింది. కార్డుతో మాట్లాడే అసలు ప్రోగ్రాము కూడా దాంతోపాటే పోయింది. పెద్దబాపు మీటరు పెట్టి బ్యాటరీ చూశాడు. మూడు వోల్టులు ఉండాల్సింది రెండు కూడా లేదు. అంటే కంప్యూటరుకు కరెంటు ఉన్నంత సేపే ఆ కార్డుకు జ్ఞాపకం. ప్లగ్గు పీకితే నలభై మూడూ పోతాయి. బ్యాటరీ మార్చాలన్నా ముందు డిజైన్లు బయటికి రావాలి. నాకు ఫోన్ చేసేసరికి ఆ డబ్బాను ఇన్వర్టరుకు తగిలించి రెండు రోజులైంది. ఇంట్లో ఫ్యాను ఆపేశారు, దాన్ని మాత్రం ఆపలేదు.

"మల్ల గీయరాదా పెద్దబాపూ?" అని నేను ఫోన్లో తెలివితక్కువగా అడిగాను.

"కండ్లు యాడున్నయే? ఒక్క కంటికి పొర అచ్చింది, రెండోది గూడ దాని సోపతి పట్టింది. చుక్కలు కనవడ్తలేవు. మగ్గాల సొసైటోళ్లు జకార్డుకు కొత్త పెట్టె ఇస్తం అంటున్నరు, పెన్ డ్రైవ్ పెడితె నడుస్తదట. పెట్టనీకె డిజైన్లుంటె గద! లేకపోతె ఏముంది, హైదరాబాద్ల అపార్ట్‌మెంట్ ముంగట కుర్చేసుకొని కూసుంట. వాచ్‌మన్ పని."

ఆయన దాన్ని జోకులాగే అన్నాడు. మా ఇంట్లో జోకులు వేసే జాగీరు నాది కాబట్టి ఏది జోకో ఏది కాదో నాకు తెలుస్తుంది. అది కాదు.

ఆ పాత డబ్బాలో పెన్ డ్రైవ్ పెట్టడానికి చోటే లేదు. సీడీ మాత్రం నమిలి మింగగలదు. కాబట్టి నా ప్రోగ్రాం సీడీ మీద వెళ్లాలి, దానికి దొరికినవన్నీ వెనకాల ఒక తీగ గుండా నా ల్యాప్‌టాప్‌లోకి పంపాలి. ఖాళీ సీడీల కోసం ఊరంతా తిరిగి, చివరికి పాత బస్టాండు వైపు ఉన్న పెళ్లి వీడియోల స్టూడియోకు వెళ్లాను.

"ఎవలి పెండ్లి చెల్లె?" అన్నాడు స్టూడియో అన్న.

"ఎవలిది కాదన్న. కంప్యూటర్‌కు."

"కంప్యూటర్‌కు పెండ్లా?"

"దానికి కాదు. దాంట్లెకు సీడీ కావాలె. ఖాళీది."

"సీడీలు ఇప్పుడెవ్వరు చూస్తలేరమ్మా. పెండ్లి చేసుకున్నోళ్లు గూడ చూస్తలేరు," అంటూ అటక మీది నుంచి దుమ్ము కొట్టిన డబ్బా దించి, అడగకుండానే సీడీ రాసే పెట్టెను కూడా చేతిలో పెట్టాడు. "మల్ల తెచ్చియ్యి. తేకున్నా ఏం లేదు, దాన్ని అడిగెటోడు లేడు." ఆయన మేలు మరిచిపోలేను. ఆ పెట్టె ఇంకా మా ఇంట్లోనే ఉంది, అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. మగ్గం గదిలోకి వెళ్లడానికి పెద్దబాపు ఇంట్లో ఒక పద్ధతుంది. చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లాలి. మగ్గం మీద పడుగు సాగదీసి ఉంటుంది, వేల పోగులు. పిల్లలైనా పెద్దలైనా ముందు చేతులు వెనకాల పెట్టుకోవాలి, కళ్లతో చూడాలి, తర్వాత నోటితో అడగాలి, ఆయన సరేనంటేనే చెయ్యి ముందుకు రావాలి. పెళ్లి పిలుపుకు వచ్చిన పెద్దమనుషులు కూడా శుభలేఖ చంకలో పెట్టుకుని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం నేను చూశాను. ఆ గదిలో అందరూ హెడ్మాస్టరు గది ముందు నిలబడినట్టే ఉంటారు. నేను కూడా అలాగే లోపలికి వెళ్లాను. ల్యాప్‌టాప్ సంచి మెడకు వేలాడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని, చాలా గంభీరంగా.

పెద్దబాపు జకార్డుకు వెళ్లే కేబులును ముందే పీకేశాడు. "నువ్వు దీన్ని ఏమన్న అంటె అది జకార్డును లేపుతది. పోగులు తెగుతయి," అన్నాడు. నాకంటే ఆయనే జాగ్రత్తగా ఉన్నాడు. ఆ సూచనను నేను అప్పుడే అందుకోవాల్సింది.

సీడీ పెట్టాను. ప్లగ్గు ముట్టుకోకుండా రీసెట్ మీట నొక్కాను, అలా నొక్కితే కార్డుకు కరెంటు పోదు. డబ్బా దగ్గింది, మూలిగింది, లేచింది. ఇలాంటి కార్డులు సాధారణంగా కాపురముండే నంబర్ల మీదికి నా ప్రోగ్రాం వెళ్లి వరసగా తలుపులు కొట్టింది. నాలుగు క్షణాల్లో ల్యాప్‌టాప్ మీద జవాబు వచ్చింది. "ఇక్కడ మెమరీ లేదు."

నేను నమ్మలేదు. కార్డు కళ్ల ముందు కనిపిస్తోంది, దాని ఎర్ర దీపం మిణుకుమంటోంది. ఇంట్లో లైటు వెలుగుతున్నా ఎవరూ లేరని రాసుకుపోయిన సర్వేవాడిలా ఉంది నా ప్రోగ్రాం. సరే, ఇంకోసారి నడిపిద్దామని రీసెట్ మీట మీద వేలు పెట్టాను.

"ఏమే, చాయ సల్లగైతుంది!" అని పెద్దమ్మ అరిచింది. "సర్వపిండి గూడ అయ్యింది. గా డబ్బ యాడికి పోదు, తిని చెయ్యి."

"ఒక్క నిమిషం పెద్దమ్మా."

"నీ నిమిషం నాకెర్కే. లే!"

పెద్దమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. లేచాను. సర్వపిండి వేడిగా ఉంది, నువ్వులు ఎక్కువ వేసింది. తింటుంటే చిన్న అనుమానం వచ్చింది. మెమరీ లేదన్న జవాబు ఎందుకొచ్చింది? అదే పరీక్షను మళ్లీ చేసే బదులు, పరీక్ష తీసేసి, కేవలం చదివి చూపించమంటే? చెయ్యి కడుక్కుని రెండో సీడీ రాశాను. ఏదీ తాకకూడదు, ఉన్నది చదివి పంపాలి, అంతే.

ఈసారి అంకెలు వచ్చాయి. మెమరీ ఉంది. డిజైను ఉంది. అంకెలను చుక్కలుగా మార్చి తెర మీద వేస్తే గొల్లభామ ప్రత్యక్షమైంది. చీర కుచ్చిళ్లు, నడుము, ఎత్తిన చెయ్యి. పైకి వెళ్లి చూస్తే నెత్తి మీది కుండ జల్లెడ అయి ఉంది. ఒకటి విడిచి ఒకటి, ఒకటి విడిచి ఒకటి, చిల్లులు. కుండలోనే కాదు, పై నుంచి కింది దాకా సరిగ్గా సమాన దూరంలో పదిహేను చోట్ల అవే చిల్లులు. వయసు మీదపడి పాడైన మెమరీ ఇంత చక్కగా కొలిచి పాడవదు. ఆ గుర్తును నేను గుర్తుపట్టాను. అది నా చేతిరాత. పరీక్షలో నేను పెట్టే మొదటి గుర్తు అదే.

లోకం గిర్రున తిరిగిందని రాయాలని ఉంది కానీ తిరగలేదు. కాగితం, పెన్నూ తీసుకున్నాను.

కాగితం మీద గీసుకుంటే మెల్లగా తెలిసింది. ఆ కార్డు ఒక పుస్తకంలాంటిది. ఒకసారికి ఒక్క పేజీయే కనిపిస్తుంది, పేజీకి ఒక డిజైను. పేజీ తిప్పాలంటే మొట్టమొదటి నంబరు దగ్గర ఏ అంకె రాస్తే ఆ పేజీ తెరుచుకుంటుంది. అంటే అక్కడున్నది మెమరీ కాదు, పేజీ తిప్పే మీట. నా ప్రోగ్రాముకు అది తెలియదు. గొల్లభామ పేజీలో ఒక విలువ తీసి దాచుకుని, అక్కడ తన గుర్తు పెట్టింది. రెండో గుర్తు పెట్టడానికి మొదటి నంబరుకే వెళ్లింది. కార్డు ఆ గుర్తును పేజీ నంబరు అనుకుని బుద్ధిగా పేజీ తిప్పింది. నా ప్రోగ్రాం తిరిగొచ్చి చూస్తే దాని గుర్తు లేదు, ఉన్నది వేరే పేజీ కదా. ఇది గోడే అనుకుని, దాచుకున్న పాత విలువను మర్యాదగా తిరిగి పెట్టేసి వెళ్లింది, తప్పు పేజీలో. పోతూ పోతూ మొదటి నంబరు దగ్గరి పాత అంకెనూ తిరిగి పెట్టడంతో మళ్లీ గొల్లభామ పేజీ తెరుచుకుంది. ఇలా పదిహేనుసార్లు. ఆ తప్పు పేజీ ఏదో లెక్క వేశాను. నలభై మూడోది. ఆఖరిది.

అంటే గొల్లభామ కుండ పెంకులన్నీ మక్క చేనులో పడి ఉన్నాయి. ఒక రకంగా మంచిదే, ఏరుకొచ్చి మళ్లీ కుండకు అతికించవచ్చు. కానీ ఆ పదిహేను చోట్ల అసలు ఉన్న మక్క గింజలు మాత్రం పోయాయి. వాటికి ఇంకెక్కడా నకలు లేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. చాయ్ కంటే ముందు ఆ మీట నొక్కి ఉంటే, అదే పరీక్ష రెండోసారి నడిచి, ఈసారి కుండ పెంకుల మీద కూడా నా గుర్తే పడేది. గొల్లభామ కుండ పూర్తిగా పోయేది. దైవం అడ్డుపడిందని నేను అనను. పెద్దమ్మ అడ్డుపడింది. ఆ రోజు నుంచి ఆమె పిలిస్తే రెండో పిలుపు దాకా ఆగడం లేదు.

పెద్దబాపు మగ్గం పక్కన నేల మీద కూర్చుని నూలు కండెలు సర్దుకుంటున్నాడు. ఒక్కసారి కూడా ఇటు తొంగిచూడలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

"పెద్దబాపూ, ఒకటి చెప్పాలె."

ఆయన నా మొహం చూసి కండె కింద పెట్టాడు. "తెగిందా?"

"తెగింది."

"ఎన్ని పోగులు?"

"పోగులు కాదు పెద్దబాపూ, చుక్కలు. పదిహేను జాగలల్ల, ఒక్క జాగల ఎనిమిది."

"నూట ఇరువై." నోటిలెక్క వేసేశాడు. "నేను భివండీల మొదటినాడు మూడు వందల పోగులు తెంపిన. నడుస్తున్న మగ్గం మీద చెయ్యి ఏసిన, గట్టిగున్నదా అని చూసుడుకు."

"మరి తిట్టిన్రా?"

"తిట్టనీకె నాకు హిందీ అస్తె గద!" తనే నవ్వాడు. "పక్క మగ్గమాయన అచ్చి, ఏం అనలే, నా రెండు చేతులు పట్టుకొని ఎనకకు పెట్టిండు. పెట్టి, కూసోని మూడు వందలు అతికిండు. సాయంత్రం దాకా నన్ను అట్లనే నిలవెట్టిండు, చూడు అని."

ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతవరకు తెలియదు. మా వంశాచారమేమో అనుకున్నాను. భివండీలో పేరు కూడా తెలియని ఒకాయన దగ్గర నేర్చుకున్నదట.

"నువ్వు చేతులు ఎనకకు కట్టుకొనే అచ్చినవ్ గదనే, నేను చూసిన," అన్నాడు.

"నేను కట్టుకున్న. నా ప్రోగ్రాం కట్టుకోలే."

"దానికి చెప్పినవా?"

"చెప్పలే."

"మరి దానికెట్ల తెలుస్తది?"

మా కంపెనీలో ఇదే విషయం మీద నాకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. తెర మీద బొమ్మలు వేసి, మధ్యలో బిస్కెట్లు పెట్టి చెప్పారు. తెలియని హార్డ్‌వేరును ముందు చదవండి, రాయడం ఆఖరి మాట అన్నారు. నేను రాసుకున్నాను కూడా. బిస్కెట్లు బాగున్నాయి.

"ఏ డిజైన్ పోయింది?" అని అడిగాడు.

"గొల్లభామది దొరుకుతది. మక్క కంకులది..."

"మక్కదా!" ఆయన ఊపిరి వదిలాడు. "మక్కది నోటికున్నది. కిందటేడు గీసినదే గద. వేరేటియి పోకుండ తియ్యి ముందుగాల, అయి యాదికి లేవు."

అలా ఆ రోజు మూడో సీడీ రాశాను. ఈసారి చెయ్యి ముందుకు రావాల్సింది ఒక్క చోటికే, పేజీ తిప్పే మీట దగ్గరికి. ఇంకెక్కడా ఒక్క అంకె కూడా రాయకూడదు. ప్రతి పేజీని మూడుసార్లు చదవాలి. మూడూ ఒకేలా ఉంటేనే పంపాలి, తేడా వస్తే ఆగిపోయి నన్ను పిలవాలి. డిజైన్లు లేని పేజీలు వస్తే అవి ఖాళీ అని చెప్పాలి తప్ప, ఖాళీ అవునో కాదో అని గిల్లి చూడకూడదు. ఈ నియమాలన్నీ పెద్దబాపుకు చదివి వినిపించాను. ఆయన తలూపాడు. నా ఉద్యోగ జీవితంలో నా కోడును మొత్తం విని తలూపిన మొదటి మనిషి ఆయనే. మా మేనేజరు సగంలో ఇంకో మీటింగుకు వెళ్లిపోతాడు.

రీసెట్ నొక్కాను. అంకెలు తీగ వెంబడి రావడం మొదలైంది. ఒకటో పేజీ, రెండో పేజీ. పెద్దబాపు చేతులు వెనక్కి కట్టుకుని నా వెనకాల నిలబడ్డాడు. పద్నాలుగో పేజీ దగ్గర కరెంటు పోయింది.

ఇన్వర్టరు పనిచేసింది. మన్నించాలి, అంతకంటే ఏమీ జరగలేదు. పెద్దమ్మ మాత్రం, "ఫ్యాన్ గూడ ఆపుకొని సచ్చినం, గిందుకేనా!" అని వంటగదిలోంచి అన్నది. ఎవరితో అన్నదో తెలియదు, బహుశా కరెంటుతో.

చూస్తుండగానే అయిపోయింది. నలభై మూడు పేజీల్లో డిజైన్లు, మిగతావి ఖాళీ. మూడుసార్ల చదువులో ఎక్కడా తేడా లేదు. పెద్దబాపు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఫ్యాను లేదు కదా, చెమట అయి ఉంటుంది. అలా అని ఇద్దరం ఒప్పుకున్నాం.

తర్వాత మక్క చేనులో కుండ పెంకులు ఏరాను. పదిహేను విలువలూ తెచ్చి వాటి చోట్లలో పెట్టగానే గొల్లభామ కుండ మళ్లీ పాలు పోస్తే నిలిచేలా అయింది. ఇది నకలు మీద చేశాను, కార్డు జోలికి పోలేదు. అంత బుద్ధి వచ్చింది.

ఇక మిగిలింది మక్క కంకులు. చుక్కలను తెర మీద చింతగింజలంత పెద్దగా చేసి, పోయిన చోట ఎర్ర రంగు వేసి, ల్యాప్‌టాప్‌ను ఆయన ముందు పెట్టాను. ఆయన తెరను చూడలేదు. మగ్గం దగ్గరికి పోయి తన చోట కూర్చున్నాడు. కాళ్లు గుంటలోకి జారవిడిచి, కళ్లు మూసుకున్నాడు.

"ఏ వరుసనే?"

వరుస చెప్పాను. కాళ్లు రెండుసార్లు కదిలాయి, ఉత్త గాలిలోనే.

"లేపు. లేపు. ఇడువు. లేపు. ఇడువు, ఇడువు. లేపు, లేపు."

నేను మీటలు కొట్టుకుంటూ పోయాను. ఎనిమిది చుక్కలు. తర్వాతి వరుస. మళ్లీ ఎనిమిది. ప్రతిసారీ తెర మీద చూస్తే కంకి అంచు పక్క గింజలతో సరిగ్గా కలిసిపోతోంది. జ్ఞాపకం ఆయన బుర్రలో లేదు, మోకాళ్లలో ఉన్నట్టుంది. తొమ్మిదో చోట మాత్రం ఆగాడు. కళ్లు తెరిచాడు.

"గీడ నేనే తప్పు చేసిన అప్పుడు. ఒక గింజ తక్కువ పెట్టిన. నేసినంక చూసిన, మల్ల దిద్ద బుద్ధి గాలే."

"మరి ఇప్పుడు? ఎట్లుండెనో అట్లనే పెట్టాల్నా?"

ఆయన ఆలోచించాడు. ఇది చిన్న విషయమేమీ కాదు. ఉన్నది ఉన్నట్టు కాపాడడం ఒక ధర్మం, తెలిసిన తప్పును దిద్దడం ఇంకో ధర్మం. ఇలాంటి చోట మా కంపెనీలో అయితే మూడు వారాల చర్చ జరుగుతుంది.

"పెట్టు ఆ గింజ," అన్నాడు.

"గా చీరె కట్టుకున్నోళ్లు ఒక్కరన్న గింజలు లెక్కపెట్టిన్రా?" అన్నది పెద్దమ్మ, గుమ్మంలో నిలబడి. చేతులు వెనక్కే ఉన్నాయి, ఒక చేతిలో చాయ్ గ్లాసుతో సహా.

"నేను లెక్కవెట్టిన," అన్నాడాయన.

సాయంత్రానికి పదిహేనూ అయ్యాయి. కొత్త పెట్టెలో పెట్టి చూస్తే తప్ప పూర్తిగా నమ్మనన్నాడు. ఆ పెట్టె రావడానికి ఇంకో నెల పట్టింది, దాని మీద ముందు మక్క కంకులే నేశాడు. పన్నెండు అంగుళాల ముక్క. నూట ఇరవై చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు తెలుసు కాబట్టి వేలు పెట్టి వెతికాను. దొరకలేదు. ఆయన నేసిన గుడ్డలో నా తప్పుకు అతుకు కనిపించలేదు. అపార్ట్‌మెంటు ముందు కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు.

నేనిప్పుడు ఆఫీసులో ఏ కొత్త బోర్డు వచ్చినా మొదటి సీడీ లాంటి పనిని ముందు పెట్టను. చదివి చూపించేదే ముందు నడుపుతాను. ఎందుకింత నెమ్మది అని అడుగుతారు. మా పెద్దబాపు ఒప్పుకోడు అంటాను. ఆయన మా కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడని ఒకరిద్దరు అనుకుంటున్నారు. నేను సరిచేయలేదు. భివండీలో సాయంత్రం దాకా కూర్చుని మూడు వందల పోగులు అతికిన ఆ పక్క మగ్గమాయనకు కూడా నా ఈ నెమ్మదిలో వాటా ఉంది. ఆయన ఉన్నాడో లేడో పెద్దబాపుకు తెలియదు. ఉంటే, ఆయన పట్టుకుని వెనక్కి పెట్టిన చేతులు రెండు కాదని, ఇంకా కొన్ని ఉన్నాయని ఎవరైనా చెప్పాలి.

ఇంత జరిగి, ఒక మనిషి పదిహేనేళ్ల పనిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి చూశాను. మొత్తం ఫైలు నూట డెబ్బై రెండు కేబీ.